సోమరి ముడి

రేవు, వలల కొట్టు

అక్కకి, అక్క కంటే ముందే కవరు చింపి గల్లా పెట్టె మీద మోచెయ్యి ఆనించి పైకి చదువుతున్న బావగారికి, చెయ్యి కడుక్కోకుండా వింటున్న భోజనశాల పెద్దలందరికీ నమస్కారాలు.

నా ఉత్తరాలు బావగారు గిరాకీకి చదివి వినిపిస్తున్నారని ఐసు లారీ డ్రైవరు చెప్పాడు. బల్లల దగ్గర ఒకటే నవ్వులట. సంతోషం. నేను బళ్లో చదివింది తక్కువైనా, నన్ను చదివేవాళ్లు ఇంతమంది ఉన్నారని మా మాస్టారికి తెలిస్తే బాగుండు. ఇకనుంచి ఇంటి గోల తగ్గించి లోకానికి పనికొచ్చే వార్తలే రాస్తాను.

మొదటి వార్త. రేవులో వేట బందు. వెండిమొప్ప చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి రెండు నెలలపాటు ఎవడూ వల ముంచకూడదని పడవల సంఘం తీర్మానించింది. చేపల శాఖ అధికారి వచ్చి ఒడ్డున కుర్చీ వేయించుకుని చాలాసేపు మాట్లాడాడు. మా మీసాల సరంగు ముందు వరసలో కూర్చుని అధికారి నోరు తెరిచినప్పుడల్లా తల ఊపాడు. అంత పెద్ద పడవ నడిపే మనిషికి మెడ అంత వదులుగా ఉంటుందని నాకు తెలీదు. ఆఖర్లో లేచి, "చేప మనకి తల్లిలాంటిది" అన్నాడు. నిరుటిదాకా ఆ తల్లిని తూకం వేసి అమ్మినవాడు.

బందు పద్ధతి నీకు తెలిసిందే. రేవులో ఉన్న వలలన్నీ తెచ్చి నా కొట్టు అటక మీద పడెయ్యాలి. బందు ముగిసేలోగా నేను చిరుగులన్నీ కట్టి ఉంచాలి. ఇప్పుడు రేవు రేవంతా నా నెత్తిమీద వేలాడుతోంది. తాళం నా నడుముకి ఉంది. నన్ను నమ్మి తాళం ఇచ్చారంటే రేవులో మనుషులకి ఎంత కరువొచ్చిందో చూడు.

ఇక నువ్వు అడిగిన గుడ్లున్న వెండిమొప్ప, ఒక్క బుట్ట. పంపను. వింటున్న పెద్దలకి ఒక మనవి. మీరు నిమ్మకాయ పిండుకుని చప్పరించే ఆ గుడ్ల ముద్ద ఒక్కటి సముద్రంలో ఉండి ఉంటే ఎన్ని పడవలు నిండేవో. మీరు దాన్ని ఒక్క గుటకలో ముగించి త్రేన్చి, సోంపు అడుగుతారు. నా చిన్నప్పుడు వెండిమొప్పని బుట్టలో పెడితే తోక బయటికి వేలాడేది. ఇప్పుడు బుట్ట అడుగున వెతుక్కోవాలి. ఇలాగే కానిస్తే అక్క కొట్టు బోర్డు మీద బొమ్మ ఒక్కటే మిగులుతుంది. దాన్ని వేయించుకు తినండి.

కోపం వద్దక్కా. బావగారూ, కాసిని నీళ్లు తాగండి, గొంతు ఎండిపోయి ఉంటుంది.

నీ తమ్ముడు

*

పట్నం, భోజనశాల వంటగది

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం విన్న ఒకాయన నోట్లో ఉన్న గుడ్ల ముద్దని మింగలేక, కక్కలేక, బిల్లు కట్టకుండా వెళ్లిపోయాడు. ఐసులో మిగిలిన ఆఖరి ప్లేటు అది. చల్లగా నా నోట్లో మట్టి కొట్టావు.

నీకు చేపలు కనబడుతున్నాయి, నా గుమ్మం కనబడటం లేదు. ఈ వీధిలో వరసగా భోజనశాలలే. మా గడప ఎక్కేవాళ్లు ఎక్కేదే వెండిమొప్ప కోసం. గుమ్మంలో నిలబడి "గుడ్ల చేప ఉందా?" అంటారు. లేదనగానే నా మొహమైనా చూడకుండా పక్కకి తిరుగుతారు. పక్క చెప్పుల కొట్టాయన రోజూ వచ్చి మా గోడని వేలితో తట్టి చూసుకుంటున్నాడు. "ఈ గోడ తీసేస్తే నా కొట్టు ఎంత విశాలమవుతుందో చూడమ్మా" అంటాడు. నా పొయ్యి ఉన్నచోట పిల్లల బూట్లు పెడతాడట. వంటామె విని, గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. నేనే ఆపాను. ఇంకెన్నాళ్లు ఆపుతానో తెలీదు.

ఒక్క బుట్ట అడిగితే పాఠం చెప్పావు. నువ్వు పాఠం చెప్పడం! మాస్టారి గొడుగులో కప్పని పెట్టి మడిచినవాడివి.

మీ బావ రేవు వైపు ఏదో ఐసు వ్యాపారంలో వాటా పెట్టారు. అందులో చెప్పుకోడానికేం లేదు. నువ్వూ అడక్కు.

అక్క

*

రేవు, వలల కొట్టు

అక్కకి, బావగారికి, బల్లల వారీగా అందరికీ,

బావగారి ఐసు వ్యాపారం సంగతి విని ఆనందించాను. నీళ్లు గడ్డకట్టడాన్ని ఇంకా ఎవరూ నిషేధించలేదు. కాకపోతే బందు రోజుల్లో రేవులో ఐసు కొనేదెవరో నాకు అర్థం కాలేదు. చేపలన్నీ సముద్రంలోనే ఉన్నాయి, వాటికి అక్కడ చల్లగానే ఉంది.

ఇక్కడ ఎటు చూసినా నీతే. కాపలా దళం ఒకటి పెట్టారు. నాయకుడు మీసాల సరంగు. మెడలో విజిలు వేసుకుని ఒడ్డు వెంట తిరుగుతున్నాడు. నిన్న ఒక ముసలాయన కాలక్షేపానికి గాలం వేసుకుంటే లాక్కుని, "తల్లి మీద గాలం వేస్తావా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ముసలాయన కూడా ఏడ్చాడు. ఆయన గాలానికి ఎరే లేదు.

ఇంకో వింత. ఈ బందులో సరంగులందరికీ ఉన్నట్టుండి ఊయలల మీద మోజు పుట్టింది. నా కొట్టుకి ముందొక తలుపు, వెనకొక తలుపు. ముందు తలుపులోంచి వచ్చి వల అప్పగించి దండం పెట్టి వెళ్లినవాడే, వెనక తలుపులోంచి వచ్చి, "ఎవరికీ చెప్పకు, నాకొక ఊయల అల్లు" అంటున్నాడు. అల్లిక కన్ను ఎంత ఉండాలంటే చిటికెన వేలు కూడా దూరకూడదట. నిద్ర జారిపోతుందని భయం కాబోలు. ఒకరి ఊయల సంగతి ఇంకొకరికి తెలీదు. మీసాల సరంగు అందరికంటే పెద్ద ఊయల చెప్పాడు. ఆయనకి పట్నంలో ఒక భాగస్వామి ఉన్నాడట. ఇద్దరూ కలిసి పడుకుంటారేమో.

బావగారూ, ఆగిపోయారేం? దగ్గొచ్చిందా?

అందరికీ అల్లుతున్నాను. కాదనడం నా వృత్తిలో లేదు. చేతినిండా పని, కడుపునిండా నవ్వు.

నీ తమ్ముడు

*

పట్నం, భోజనశాల వంటగది

తమ్ముడూ,

నీ ఊయలల ఉత్తరం చదువుతూ మీ బావ మధ్యలో ఆగి, "మిగతాది రేపు" అని జేబులో పెట్టుకున్నారు. ఆ రేపు ఇంకా రాలేదు. నేనే జేబులోంచి తీసి చదువుకున్నాను.

నీకంతా తెలుసని అర్థమైంది. కాబట్టి దాచి లాభం లేదు. ఐసు అని నీకు రాసింది అబద్ధం. వాటా పెట్టింది మీసాల సరంగు పడవలో. నాకు మొదటినుంచీ తెలుసు. వద్దని అనలేదు. అనాలనిపించలేదు. గుడ్ల చేప రాకపోతే ఈ కొట్టు నడవదు, అది ఎలా వచ్చిందో నా కూర అడగదు అనుకున్నాను.

పడవ వెళ్లింది. వచ్చింది. మళ్లీ వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ నాచు, చచ్చిన పీతలు. నిన్న సరంగు ఇక్కడికే వచ్చాడు. ఆ మీసాలు రెండు పక్కలా కిందికి వేలాడేసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, సముద్రం ఖాళీ" అన్నాడు. "వల బరువుగానే కదులుతుంది. పైకి లాగేసరికి ఏమీ ఉండదు. నేను పుట్టి బుద్ధెరిగాక ఇంత ఖాళీ సముద్రాన్ని చూడలేదు. మనమే తినేశాం."

నటన కాదురా. అన్నం పెడితే కలిపి వదిలేశాడు.

మీ బావ నెలాఖరుకి కొట్టు తాళాలు ఇచ్చేస్తామని చెప్పుల కొట్టాయనకి మాటిచ్చేశారు. ఆయన తన దగ్గరే గల్లా మీద కూర్చోబెడతాడట మీ బావని. వంటామె తోమిన గిన్నెలే మళ్లీ తోముతోంది. మన నాన్న పోయాక నా చేతులతో నేను నిలబెట్టుకున్నది ఈ పొయ్యి ఒక్కటే. దాని మీద బూట్లు పెడతారు.

ఒక్కటి అడుగుతాను, వేళాకోళం చెయ్యకు. వెండిమొప్ప నిజంగా అయిపోయిందా? అయిపోయిందంటే తాళాలు ఇచ్చేస్తాను. లేదంటే ఏదో ఒకటి వండి ఈడుస్తాను. ఉన్నదున్నట్టు రాయి.

అక్క

*

రేవు, వలల కొట్టు

అక్కకి, బావగారికి, పెద్దలకి,

రేవులో నిన్న పెద్ద సభ జరిగింది. నీ ప్రశ్న తర్వాత చూద్దాం, ముందు సభ విను.

మీసాల సరంగు లేచి, బందుని ఇంకో నెల పొడిగించమన్నాడు. సంఘం పెద్ద కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎందుకయ్యా?"

"సముద్రం ఖాళీ అయిపోయింది."

"వల ముంచకుండా నీకెలా తెలిసింది?"

సరంగు కాసేపు మీసం దువ్వుకున్నాడు. "ఒడ్డు నుంచి చూస్తే తెలిసిపోతోంది" అన్నాడు.

నేను నవ్వు ఆపుకోలేక చొక్కా కాలరు కొరుక్కుంటుంటే రెండో సరంగు లేచాడు. "నాకూ ఒడ్డు నుంచే తెలిసింది" అన్నాడు. ఆ వెనక ఇంకొకడు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సరంగులందరూ లేచారు. అందరికీ ఒడ్డు నుంచే తెలిసింది. ఇంత చూపున్న జనం మధ్య కళ్లజోళ్లవాడు ఎలా బతుకుతాడో. పొడిగించాలన్న తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది. చేపల శాఖ అధికారి లేచి, ఇంత స్వీయ క్రమశిక్షణ తన ఉద్యోగంలో ఎక్కడా చూడలేదని గద్గదంగా చెప్పాడు. చప్పట్లు కొట్టాం. అందరికంటే ఎక్కువసేపు నేను కొట్టాను.

వెండిమొప్ప ఉందో లేదో నాకేం తెలుసక్కా, నేను వలలు అల్లేవాణ్ణి. చేపలు నాతో మాట్లాడవు. నీకు ఉల్లిపాయలు వేసుకోవడానికి ఒక సంచి అల్లి పంపుతున్నాను. ఈ బందులో అందరి ఊయలలకీ వేసిన అల్లికే దీనికీ వేశాను, తేడా చూపించలేదు. వాడేముందు బాగా తడుపు. నిండా నింపు. నువ్వే నీ చేత్తో ఎత్తు. అది చూశాక తాళాల సంగతి ఆలోచించుకో.

నీ తమ్ముడు

*

పట్నం, భోజనశాల వంటగది

నీ చేతులు విరగ్గొట్ట!

తడిపాను. నింపాను. ఎత్తాను. మధ్యాహ్నం గిరాకీ మీదుగా ఉల్లిపాయలన్నీ బల్లల కిందికి దొర్లాయి. మీ బావ ఒకదాని మీద కాలేసి గల్లా పెట్టెని కావలించుకున్నారు. వంటామె భూకంపం అనుకుని పొయ్యి ఆర్పింది.

ఖాళీ సంచి చేతిలో పట్టుకుని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. ముడిలో ఒక చుట్టు తక్కువ. సోమరి ముడి.

నీ చిన్నప్పుడు దానికోసమే కదరా నాన్న చేతిలో రోజూ దెబ్బలు తిన్నావు. "పొడిగా ఉన్నంతసేపూ బుద్ధిమంతుడిలా ఉంటుంది. తడిసి బరువు పడగానే దారం జారి కన్ను నోరు తెరుస్తుంది" అని చెవి మెలిపెట్టేవాడు. ఆరాక దులిపితే మళ్లీ మామూలుగా కనబడుతుంది, అంతటి నంగనాచి ముడి. నాన్న లేచేలోపు నీ సోమరి ముడులన్నీ విప్పి మళ్లీ వేసినదాన్ని నేను. నేను కాక ఇంకెవరు గుర్తుపడతారు దాన్ని?

అంటే ఆ రేవులో దొంగలందరికీ నువ్వు సోమరి ముడులే వేసిచ్చావు. వాళ్ల వలల్లో చేపలు నిండుగా పడ్డాయి, నిండుగా జారిపోయాయి. దీపం పెట్టుకోకుండా చీకట్లో లాగేవాళ్లకి ముడి ఏం కనబడుతుంది! అడుగుదామంటే ఎవడూ ఎవడినీ అడగలేడు. సముద్రం నిండుగానే ఉంది.

పొయ్యి ముందు కూలబడి నవ్వాను. తర్వాత ఏడ్చాను. తర్వాత నిన్ను ఎన్ని తిట్టానంటే వంటామె చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. అందులో మా వాటా కూడా ఉందని నీకు తెలుసు కదరా! ఊయల అల్లేటప్పుడు ఇది అక్క పొయ్యి అని ఒక్కసారైనా అనిపించలేదా? ఎగతాళి ఉత్తరాలు రాయడానికి ఖాళీ దొరికింది, "అక్కా, పెట్టకండి" అని ఒక ముక్క రాయడానికి దొరకలేదు.

సాయంత్రం చెప్పుల కొట్టాయన వస్తే తాళాలు ఇవ్వనన్నాను. "పిచ్చెక్కిందా నీకు?" అన్నారు మీ బావ. "ఎక్కింది" అన్నాను. కారణం చెప్పలేదు. చెబితే రాత్రికే లారీ ఎక్కి రేవుకొచ్చి నీ కొట్టు తలుపు విరగ్గొడతారు, ఆ తర్వాత కొత్త వలతో వేటకెళ్తారు.

ఇకమీదట నాకు రెండు ఉత్తరాలు రాయి. గల్లాకి ఒకటి, ఇప్పటిదాకా రాసినట్టే. గిరాకీ దానికి మరిగింది. ఇంకొకటి వీధి చివర కూరగాయలామె ఇంటికి. నిజం అందులో రాయి.

అక్క

*

రేవు, వలల కొట్టు

అక్కా,

నీకొక్కదానికే రాసి ఎన్నాళ్లయిందో. వినేవాళ్లు లేకపోతే ఎలా రాయాలో తెలియడం లేదు.

ముందే చెప్పాల్సింది. మీ వాటా సంగతి నాకు తెలిసేసరికే బావగారు సరంగు చేతిలో పెట్టేశారు. అప్పటికి అందరి వలలకీ సోమరి ముడులు పడ్డాయి. మీ పడవ ఒక్కదానికే గట్టి ముడి వేసివ్వాలా అని వలసూది పట్టుకుని కూర్చున్నాను. వెయ్యలేకపోయాను. ఒక్క పడవ నిండుగా వచ్చిందంటే చాలు, మర్నాటికి రేవులో పడవ మిగలదు. తిట్టు, పడతాను.

ఇప్పుడు అసలు ముప్పు. మొన్న పొద్దున రేవు ముఖద్వారం దగ్గర వెండిమొప్పల గుంపు దిగింది. కడుపులు ఉబ్బి, కదల్లేక కదుల్తూ, ఒడ్డుకి ఎంత దగ్గరగా ఉన్నాయంటే బక్కెటుతో ముంచుకోవచ్చు. వాటిని చూస్తూ నేను అల్లిక మర్చిపోయాను. ఖర్మకాలి మీసాల సరంగు కూడా చూశాడు. కళ్లముందే ఇంత చేప ఉండగా వలలో ఎందుకు పడలేదా అని ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆయన ఆలోచించడం రేవుకి కొత్త. ముడి దాకా రాలేదులే. చేత్తో అల్లిన వల చేపలకి కనబడిపోతోందని తేల్చాడు. అందుకని పట్నంలో యంత్రం మీద నేసిన వల కొనిపించి, ఐసు కింద దాచి లారీలో తెప్పించుకుంటాడట. కొనిపెట్టేది బావగారు. మూట ముందు మీ ఇంటికే వస్తుంది.

యంత్రానికి బద్ధకం రాదక్కా. ఆ వల నీళ్లలో పడిందంటే ఆ గుంపు మొత్తం ఒక్క లాగుడుకి వస్తుంది. సరంగు నన్ను రేవులో ముంచుతాడు, అది పెద్ద విషయం కాదు, ఈత వచ్చు. ఆ గుంపు పోతే మాత్రం వచ్చే ఏడాది ఎవరి వలకైనా ఏ ముడి వేసినా ఒకటే.

నిన్ను ఏదీ చెయ్యమని అడిగే మొహం లేదు నాకు. ఆ వల రేవుకొస్తే మళ్లీ నీ గుమ్మం నిండుతుంది, నీ వాటా కూడా తిరిగొస్తుంది. నీ ఇంట్లో మూట, నీ పొయ్యి. నువ్వే చూసుకో.

తమ్ముడు

*

పట్నం, భోజనశాల వంటగది

తమ్ముడూ,

మూట వచ్చింది. మీ బావ దాన్ని అటకెక్కించి, మీద పాత పరుపు కప్పి, "అటు చూడకు, ఎలకలున్నాయి" అన్నారు. ఎలకలు యంత్రం మీద నేస్తాయని నాకు తెలీదు.

లారీ మంగళవారం. ఆదివారం మీ బావ బయటికి వెళ్లగానే పరుపు తీసి చూశాను. నిజంగానే చిటికెన వేలు దూరలేదు. చేపలు కోసే కత్తెర పట్టుకుని దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. నీలాగా నాకు చేపల గుంపులు కనబడలేదు, అబద్ధం ఎందుకు. కనబడింది నిండిన బల్లలు. గుడ్ల ముద్దలు పేర్చిన పళ్లెం. అరచి పిలిచే గిరాకీ. ఆ వల వెళ్లనిస్తే చాలు, అన్నీ వస్తాయి. ఈ ఏటికి.

వచ్చే ఏటికో? అని అడిగింది వంటామె. ఈ సంగతేదీ తనకి నేను చెప్పలేదు, తనంతట తనే అడిగింది. కత్తెర ఒక పక్క తను పట్టుకుంది.

మీ బావ తిరిగొచ్చేసరికి నాలుగు గోడలకీ వల. కప్పుకి వల. కిటికీలకి తెరలుగా వల. గల్లా పెట్టెకి కుచ్చులు. ఎక్కడా చేతిగుడ్డ కంటే పెద్ద ముక్క లేదు. గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏమిటిది?"

"అలంకారం. అటక మీద ఎవరో పారేసి పోయారు. సముద్రంలో కూర్చుని తింటున్నట్టు లేదూ?"

"అది... అది..."

కిటికీ బల్ల దగ్గర పోస్టుమాస్టరుగారు భోంచేస్తున్నారు. "ఇంత వల దేనికి తెప్పించారండీ?" అని అడిగారు.

మీ బావ నోరు తెరిచారు. మూశారు. మళ్లీ తెరిచి, "అలంకారానికే" అన్నారు.

ఆ మాట బయటికి రావడానికి ఆయన పడ్డ కష్టం చూసి నాకే జాలేసింది. సరంగుకి మాత్రం, పట్నంలో వలలు అమ్మే కొట్లో తనిఖీలు జరుగుతున్నాయి, నీ పేరు అడిగారు అని కబురు పంపారట. సరంగు వారం రోజులు విజిలు కూడా ఊదలేదని లారీ డ్రైవరు చెప్పాడు.

బయట బోర్డు మీద చేప బొమ్మ కింద రాయించాను: "వెండిమొప్ప పురిటికి వెళ్లింది. వచ్చేదాకా మిగతా చేపలు." చదివి నవ్వినవాళ్లు కొందరు లోపలికి వస్తున్నారు. నవ్వి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. నువ్వు ఊరి చెరువులో పట్టించి లారీలో పంపిన ముళ్ల చేప రుచి బాగానే ఉంది గానీ ఒకాయనకి గొంతులో గుచ్చుకుని వీపు మీద అందరం కొట్టాల్సి వచ్చింది. సగం బల్లలు ఖాళీ. నా గాజులు గల్లాలోకి వెళ్లాయి. అయినా పొయ్యి వెలుగుతోంది. చెప్పుల కొట్టాయన గోడ తట్టడం మానేశాడు, వల ముక్క వేలికి చుట్టుకుంటోందట.

అక్క

*

రేవు, వలల కొట్టు

అక్కకి, బావగారికి, ముళ్లతో కుస్తీ పడుతున్న పెద్దలందరికీ,

బందు ముగిసింది. అటక మీది వలలన్నీ దించి, ఎవరివి వాళ్లకి అప్పగించాను. వాటి కన్ను పెద్దది, ముడులు గట్టివి. మొదటి పడవ తిరిగొచ్చేసరికి రేవంతా ఒడ్డునే ఉంది. సముద్రం ఖాళీ అన్నవాళ్లు అందరికంటే ముందు నిలబడ్డారు. బుట్టలు దించారు. అద్భుతం ఏమీ జరగలేదు, కథల్లో మాదిరి పడవలు మునిగిపోలేదు. నిరుటి కంటే కాస్త ఎక్కువ. నిరుటి కంటే కాస్త పొడుగు. రేవు ముఖద్వారంలో మాత్రం పిల్ల చేపలు, వేలెడంతవి, నీళ్లు కనబడనంత. వాటిని చూసి సంఘం పెద్ద చెప్పులు విప్పి నిలబడ్డాడు. మీసాల సరంగు మీసం మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

తర్వాత సభ. చేపల శాఖ అధికారి రెండు పతకాలు తెచ్చాడు. ఒకటి, బందు పొడిగించమని మొదట అడిగిన మహానుభావుడు మీసాల సరంగుకి. రెండోది, పట్నంలో తన భోజనశాల నిండా వలలు కట్టి, బోర్డు రాయించి, గుడ్ల చేప వడ్డించడం మానేసిన మా బావగారికి. పతకం అందుకుని బావగారు చేసిన ఉపన్యాసం గురించి నేను రాయను, ఇప్పుడు ఈ ఉత్తరం ఆయనే చదువుతున్నారు కాబట్టి లేచి నిలబడి ఆయనే మళ్లీ చెప్తారు. వినండి. "నా జీవితమే చేపలకి అంకితం" అన్నచోట చప్పట్లు కొట్టాలి, మర్చిపోకండి.

నాకు పతకం రాలేదు. వలలు చక్కగా భద్రపరిచినందుకు అధికారి నా వీపు తట్టాడు. చెయ్యి బరువైనదే.

నీ తమ్ముడు

*

పట్నం, భోజనశాల వంటగది

తమ్ముడూ,

ఇది కూరగాయలామె ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

వెండిమొప్ప వచ్చింది. బోర్డు కింది రాత చెరిపించాను. మొదటి రోజే గుమ్మం నిండింది. బాగా బలిసిన గుత్తేదారు ఒకాయన ప్లేటు ముందుకి లాక్కుని, చేపని అటూ ఇటూ తిప్పి, పొట్ట విప్పి చూసి, నన్ను పిలిచాడు.

"గుడ్డు ఏదమ్మా?"

"సముద్రంలో పెట్టి వచ్చింది."

"అదేమిటి! దానికోసమే కదా వచ్చేది!"

నేను ఇంకేదో అనబోతుంటే గల్లా దగ్గర్నుంచి మీ బావ లేచారు. చొక్కా మీద పతకం. నడుస్తుంటే ఊగుతోంది. ఆ గుత్తేదారు బల్ల ముందు నిలబడి, "గుడ్డు అడగడానికి సిగ్గులేదండీ? మీలాంటివాళ్ల వల్లే సముద్రాలు ఎండిపోతున్నాయి" అని మొదలుపెట్టి, అధికారి రేవులో చెప్పినదంతా, దగ్గుతో సహా, అప్పజెప్పారు. పాపం ఆయన మెతుకు మిగల్చకుండా తిని, నాకు క్షమాపణ చెప్పి వెళ్లాడు. బల్లలన్నీ చప్పట్లు కొట్టాయి. నాక్కూడా ఒక్క క్షణం నా మొగుణ్ణి చూస్తే గర్వంగా అనిపించింది. నిజం, ఒట్టు.

నిన్న కొట్టు కట్టేశాక వంటగదిలోకి వచ్చి పతకం తీశారు. నోటి ఆవిరి తగిలించి, తుడిచి, దూదిలో చుట్టి డబ్బాలో పెట్టారు. నా పక్కన పీట లాక్కుని కూర్చుని గొంతు తగ్గించారు.

"మీ తమ్ముడు నోరు జారే మనిషి కాదు కదా?"

"ఎందుకండీ?"

"ఏం లేదు. రేవు ముఖద్వారంలో పిల్ల చేప తెగ పెరుగుతోందట. వచ్చే ఏడు బందుకి అంతా గుడ్ల మీద ఉంటుంది. సరంగూ నేనూ అనుకున్నాం. మమ్మల్ని ఎవరు అనుమానిస్తారు చెప్పు, పతకాలున్నవాళ్లం! యంత్రం వల మాకు అచ్చిరాలేదు. మీ తమ్ముడి చేత్తోనే పెద్దది ఒకటి అల్లించాలి."

కళ్లలోకి చూశాను. పిల్లాడి కళ్లలా మెరుస్తున్నాయి.

"అలాగే, రాస్తాను" అన్నాను.

అందుకే రాస్తున్నాను. వెంటనే ఒప్పుకో, మంచి దారం తెప్పించుకో. మిగతా సరంగులు కూడా వెనక తలుపు తడతారు, నీ ఒక్కడి చేతులు చాలవు. బందుకి ముందు నేనే వచ్చి నీ పక్కన కూర్చుని అల్లుతాను. ఈ ఏడు మీ బావకి ఒక పతకం వచ్చింది. వచ్చే ఏడు రెండోది వచ్చేలా చూడటం భార్యగా నా బాధ్యత.

అక్క